రేసు టార్క్ కన్వర్టర్‌తో రోడ్డు మీద: నా అనుభవం

ఆటోమేటిక్ బండిలో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ స్థానంలో ఉండే ఆయిల్ డబ్బా టార్క్ కన్వర్టర్. ఇంజిన్ బాగా వేగం అందుకున్నాక గాని గట్టిగా పట్టని రకాన్ని హై స్టాల్ అంటారు. ఆ హై స్టాల్ కన్వర్టర్ గురించి ఎవరిని కదిపినా రెండు మాటల్లో ఒకటి వినిపిస్తుంది. "రోడ్డు బండికి పనికిరాదు, పీకి పారెయ్" అని కొందరు. "పెట్టి చూడు, బండి ఎగిరిపోతుంది" అని ఇంకొందరు. డ్రాగ్ రేసు కోసం తయారైన కన్వర్టర్‌తో ట్రాఫిక్‌లోనూ, ఎత్తు రోడ్ల మీదా, హైవే మీదా చాలాకాలం నడిపాను. ఆ తర్వాత నా బండికి కొలతలు చెప్పి చేయించుకున్న మరో కన్వర్టర్‌తో నడుపుతున్నాను. ఆ రెండింటి మధ్య నేను చూసినదంతా ఇక్కడ రాస్తున్నాను. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పాత బండిలో ఇంజిన్ బలం పెంచాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని నా ఆశ.

నా బండి వెనక చక్రాలతో నడిచే పాత కూపే. బరువు 1,550 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఇంజిన్ 350 క్యూబిక్ అంగుళాల, అంటే 5.7 లీటర్ల షెవర్లే వీ8, కార్బురేటర్‌ది. గేర్‌బాక్స్ టర్బో 350, మూడు గేర్ల ఆటోమేటిక్. వెనక యాక్సిల్ రేషియో 3.73, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.73 చుట్లు తిరగాలి. టైరు ఎత్తు 27 అంగుళాలు. ఇంజిన్ విప్పి మళ్ళీ కట్టినప్పుడు పెద్ద క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) వేయించాను. 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర కొలిస్తే దాని డ్యూరేషన్, అంటే వాల్వు తెరిచి ఉండే మేర, 236 డిగ్రీలు. అలాంటి క్యామ్‌కి కింది ఆర్పీఎంలో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) పస ఉండదు. 2,500 దాటాక గాని ఇంజిన్ ఊపిరి తీసుకోదు.

అరిగిపోయిన పాత గేర్‌బాక్స్ స్థానంలోకి, డ్రాగ్ రేసులు మానేస్తున్న ఒకాయన దగ్గరి నుంచి గట్టిగా కట్టిన టర్బో 350 ఒకటి దొరికింది. దాంతో పాటే 8 అంగుళాల కన్వర్టర్ కూడా వచ్చింది. దాని చీటీ మీద స్టాల్ 5,000 అని ఉంది. ఆయన దాన్ని బిగ్ బ్లాక్, అంటే నాదాని కంటే పెద్ద వీ8 ఇంజిన్ వెనక వాడేవారట. చూసినవాళ్ళందరూ దాన్ని పక్కన పెట్టెయ్యమన్నారు. నా క్యామ్‌కి కంపెనీ కన్వర్టర్ ఎలాగూ సరిపోదు కాబట్టి, ముందు దీన్నే బిగించి, అన్నీ కొలిచి, ఆ కొలతల్ని బట్టి తర్వాతి మాట ఆలోచిద్దామనుకున్నాను.

ఇక్కడ ఆ డబ్బా లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి అంకెలు తలకెక్కవు. కన్వర్టర్ లోపల మూడు చక్రాలుంటాయి. ఇంజిన్‌తో పాటు తిరిగేది ఇంపెల్లర్. అది ఆయిల్‌ని విసిరితే దాని ధాటికి తిరిగేది టర్బైన్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ దానికే తగులుకుని ఉంటుంది. రెండింటి మధ్యన స్టేటర్. టర్బైన్ నుంచి వెనక్కి వచ్చే ఆయిల్‌ని స్టేటర్ సరైన దిక్కుకి మళ్ళించి ఇంపెల్లర్‌కి అందిస్తుంది. ఆ మళ్ళింపు వల్లే బండి కదిలే క్షణంలో టార్క్ దాదాపు రెండింతలవుతుంది. టర్బైన్ వేగం ఇంపెల్లర్ వేగానికి దగ్గరయ్యే కొద్దీ ఆ పెంపు తగ్గిపోతుంది. చివరికి స్టేటర్ తన వన్‌వే క్లచ్ (ఒకే దిక్కుకి తిరగనిచ్చేది) మీద తేలికగా తిరుగుతూ అడ్డు తప్పుకుంటుంది. ఇదంతా జర్మన్ ఇంజినీర్ హెర్మన్ ఫాటింగర్ 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన. ఆయన దాన్ని ఓడల కోసం తయారుచేశాడు. వేగంగా తిరిగే ఆవిరి టర్బైన్‌కీ, నెమ్మదిగా తిరగాల్సిన ప్రొపెల్లర్‌కీ పొత్తు కుదర్చడం ఆయన అవసరం. కార్లలోకి అది చాలా తర్వాత వచ్చింది. 1948లో బ్యూక్ కంపెనీ డైనాఫ్లో గేర్‌బాక్స్‌తో అది మామూలు కారుకి అలవాటైంది.

స్టాల్ స్పీడ్ అంటే టర్బైన్‌ని కదలకుండా పట్టి ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ ఏ ఆర్పీఎం దాటి పైకి ఎక్కలేకపోతుందో ఆ అంకె. చాలామంది దీన్ని కన్వర్టర్‌కి పుట్టుకతో వచ్చిన గుణం అనుకుంటారు. కాదు. అదే కన్వర్టర్ బలమైన ఇంజిన్ వెనక ఎక్కువ స్టాల్ చూపిస్తుంది, బలహీనమైన దాని వెనక తక్కువ చూపిస్తుంది. కన్వర్టర్ మింగే టార్క్ ఆర్పీఎం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆర్పీఎం రెట్టింపైతే అది నాలుగింతల టార్క్ మింగుతుంది. దీన్నే తిప్పి చెప్తే, టార్క్ నాలుగో వంతుకి తగ్గితే స్టాల్ సగానికి పడిపోతుంది. ఈ ఒక్క వాక్యం పట్టుకుంటే రోడ్డు మీద జరిగేదంతా విప్పి చెప్పొచ్చు.

బిగించాక మొదట స్టాల్ కొలిచాను. బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి యాక్సిలరేటర్ నొక్కితే 2,900 దగ్గరే వెనక చక్రాలు బ్రేకుల్ని లెక్కచెయ్యకుండా తిరగడం మొదలుపెట్టాయి. అందుకే ఇలాంటి కన్వర్టర్‌కి బ్రేక్ మీద చూసే స్టాల్ దేనికీ పనికిరాదు. పైగా ఆ పరీక్ష 5 సెకన్లు మించకూడదు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఇచ్చే శక్తి మొత్తం ఆయిల్‌లో వేడిగా మారుతుంది, ఒక్క చుక్క కూడా చక్రాలకి పోదు. పరీక్ష అయ్యాక న్యూట్రల్‌లో పెట్టి కాసేపు ఇంజిన్ నడవనిచ్చి ఆయిల్ చల్లబడ్డాకే మళ్ళీ చెయ్యాలి. ముందు ఎవరూ నిలబడకూడదు, ఎదురుగా ఖాళీ స్థలం ఉండాలి.

అసలైన కొలత ఫ్లాష్ స్టాల్. మూసి ఉంచిన ట్రాక్ మీద బండిని మొదటి గేర్‌లో పాకిస్తూ ఒక్కసారిగా ఫుల్‌గా తొక్కి, ఆర్పీఎం మీటర్ ముల్లు ఎక్కడికి ఎగిరి క్షణం ఆగుతుందో చూడాలి. నా బండిలో అది 4,200 దగ్గర ఆగింది. చీటీ మీద 5,000, నా దగ్గర 4,200. పాత యజమాని బిగ్ బ్లాక్‌తో పోలిస్తే నా ఇంజిన్ టార్క్ తక్కువ. అంకె ఆ మేరకు దిగింది, కన్వర్టర్‌లో లోపమేమీ లేదు.

ఇప్పుడు అందరూ భయపెట్టే మాట: "4,200 స్టాల్ అంటే 4,200 దాకా ఇంజిన్ గోల పెట్టాకే బండి కదులుతుంది." సిగ్నల్ దగ్గర నుంచి మామూలుగా, పక్క బండ్లతో పాటు బయల్దేరితే నా ముల్లు 2,100 నుంచి 2,300 మధ్యకి వెళ్ళేది. పైన చెప్పిన లెక్క ప్రకారం సరిగ్గా అదే రావాలి. నిదానంగా కదలడానికి ఇంజిన్ తన పూర్తి టార్క్‌లో నాలుగో వంతు ఇస్తే చాలు, అప్పుడు స్టాల్ కూడా సగమే. కదలదు అన్నది అబద్ధం. అయితే ఆ కదలిక వేరేగా ఉంటుంది. యాక్సిలరేటర్ తాకగానే ముందు ఇంజిన్ శబ్దం లేస్తుంది. ముల్లు 2,200 దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత కొన్ని సెకన్ల పాటు శబ్దం మారదు, ముల్లు కదలదు, స్పీడోమీటర్ మాత్రం పైకి పాకుతూ ఉంటుంది. బండి వచ్చి ఇంజిన్‌ని అందుకున్నాక రెండూ కలిసి పైకి వెళ్తాయి. మొదట్లో గేర్‌బాక్స్ జారిపోతోందేమోనని టెన్షన్ పడతాం. పక్కన కూర్చున్నవాళ్ళు అదే మాట అడుగుతారు.

కష్టం ఎక్కడుందంటే నెమ్మదిగా, ఖచ్చితంగా కదపాల్సిన చోట. వాలుగా ఉన్న పార్కింగ్ చోటులోకి రివర్స్‌లో ఎక్కించాల్సి వచ్చిందనుకోండి. కంపెనీ కన్వర్టర్ అయితే బ్రేక్ వదలగానే ఐడ్లింగ్ మీదే బండి వెనక్కి పాకుతుంది. ఇది పాకదు. పైగా వాలు మీద కిందికి జారుతుంది. కాస్త తొక్కితే 1,500, ఇంకాస్త తొక్కితే 1,900, చక్రం వాలు అంచు దగ్గర ఆనుకుని ఉంటుంది గానీ ఎక్కదు. మరికొంచెం తొక్కగానే ఎక్కేస్తుంది. ఎక్కిన మరుక్షణం ఆ టార్క్‌కి అడ్డు లేదు కాబట్టి బండి ముందు అనుకున్నదాని కంటే జోరుగా వెనక్కి దూసుకుపోతుంది. వెనక గోడ ఉంటే గుండె జారిపోతుంది. దీనికి నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఎడమ కాలు బ్రేక్ మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద. ఎడమ కాలితో బ్రేక్‌ని ఆనించి ఉంచి, ఇంజిన్‌ని ఒకే ఆర్పీఎం దగ్గర నిలబెట్టి, బ్రేక్ వదులుతూ బిగిస్తూ బండిని నడిపించాలి. ఖాళీ స్థలంలో బాగా సాధన చేశాకే మనుషులు తిరిగే చోట ఇలా నడపాలి. ఎడమ కాలికి బ్రేక్ మీద నాజూకుతనం తొందరగా రాదు.

దిగుడు రోడ్డు మీద ఇంకో తేడా తెలిసింది. కాలు తీసేస్తే ఇంజిన్ బండిని పట్టి లాగడం, అదే ఇంజిన్ బ్రేకింగ్, బాగా తక్కువ. వదులు కన్వర్టర్, అంటే ఎక్కువ జారేది, చక్రాల నుంచి ఇంజిన్ వైపుకి కూడా టార్క్‌ని సరిగా పంపదు. రెండో గేర్‌లోకి దించినా ఆశించినంత పట్టు దొరకదు. అంటే ఆ భారం మొత్తం బ్రేకుల మీద పడుతుంది. పెద్ద క్యామ్ వల్ల నా ఇంజిన్‌లో ఐడిల్ వ్యాక్యూమ్ (ఐడ్లింగ్‌లో ఇంజిన్ గాలిని పీల్చే బలం) అప్పటికే తక్కువ, దాని మీదే పనిచేసి బ్రేక్ తొక్కుడుకి సాయపడే బ్రేక్ బూస్టర్‌కి అందేదీ అంతంతే. ఈ రెండూ కలిస్తే నిటారు దిగుడులో పెడల్ గట్టిపడుతుంది. హై స్టాల్ గురించి మాట్లాడేటప్పుడు పికప్ గురించే చెప్తారు గానీ, ఈ సంగతి ఎవరూ ఎత్తరు. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

హైవే లెక్కకి వస్తే, 27 అంగుళాల టైరు, 3.73 యాక్సిల్, మూడో గేర్ 1:1 కాబట్టి, గంటకి 100 కిలోమీటర్ల దగ్గర కన్వర్టర్‌లో జారుడు అసలు లేకపోతే ఇంజిన్ 2,885 దగ్గర తిరగాలి. నా మీటర్ 3,350 చూపించింది. అంటే ఇంజిన్ తిరుగుడులో దాదాపు 14 శాతం ఆయిల్‌ని చిలకడానికే పోతోంది. 60 దగ్గర మూడో గేర్‌లో 1,730 ఉండాల్సింది 2,500 దాకా ఉండేది. అక్కడ 30 శాతం దాటింది జారుడు. మైలేజ్ ఎక్కడికి పోతోందో ఇక వేరే వెతకక్కర్లేదు. ఈ లెక్క ఎవరైనా తమ బండికి చేసుకోవచ్చు: వేగం, టైరు చుట్టుకొలత, యాక్సిల్ రేషియో, గేర్ రేషియో తెలిస్తే రావాల్సిన ఆర్పీఎం వస్తుంది, మీటర్ చూపించేదానికీ దానికీ తేడా ఎంతో అదే జారుడు. జీపీఎస్ వేగం తీసుకోవడం మంచిది, పాత స్పీడోమీటర్లని నమ్మలేం.

ఆ జారుడంతా వేడే. బండి కొన్నప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ రేడియేటర్ తొట్టిలో ఉన్న చిన్న కూలర్‌లో మాత్రమే చల్లబడేది. రోడ్డెక్కే ముందే రేడియేటర్ తర్వాత వరసలో విడిగా ఒక ప్లేట్ల కూలర్, దాని వెనక ఒక ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించాను. రెండు సెన్సర్లు కూడా: ఒకటి ఆయిల్ పాన్‌లో, ఇంకొకటి కన్వర్టర్ నుంచి కూలర్‌కి వెళ్ళే లైన్‌లో. ఈ రెండో సెన్సరే నాకు అన్నీ నేర్పింది. పాన్‌లో సెన్సర్ కలిసిపోయిన ఆయిల్ సగటు వేడి చూపిస్తుంది, అది నెమ్మదిగా కదులుతుంది. లైన్‌లో సెన్సర్ కన్వర్టర్‌లోంచి అప్పుడే బయటపడ్డ ఆయిల్‌ది.

హైవే మీద గాలి బాగా తగులుతున్నప్పుడు పాన్ 85 డిగ్రీల దగ్గర హాయిగా ఉండేది. ఎత్తు రోడ్డు మీద, ముందు లారీలు పాకుతూ ఆగుతూ పోయే చోట మాత్రం చిత్రం మారిపోయేది. పాన్ ఇంకా 100 చూపిస్తుండగానే లైన్ 140 దాటిపోయేది. ఆగినప్పుడు న్యూట్రల్‌లో పెట్టి కొంచెం రేజ్ చేస్తే, ఆ చిన్న పనికే, లైన్ వేడి కళ్ళముందే దిగేది. గేర్‌లో బ్రేక్ మీద నిలబడినంతసేపూ కన్వర్టర్ ఆయిల్‌ని చిలుకుతూనే ఉంటుంది. న్యూట్రల్‌లో టర్బైన్ కూడా తిరుగుతుంది కాబట్టి చిలుకుడు ఆగిపోతుంది, పంపు ఆయిల్‌ని కూలర్‌లోకి తోస్తూ ఉంటుంది.

గేర్‌బాక్స్ పని చేసేవాళ్ళు చెప్పే ఒక లెక్క ఉంది: 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీల పెంపుకీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుంది. ఇది స్థూలమైన లెక్కే, ఇప్పటి సింథటిక్ ఆయిల్ ఇంకాస్త ఓర్చుకుంటుంది. 115 డిగ్రీల పైన ఆయిల్ వార్నిష్‌లా పేరుకోవడం మొదలెడుతుంది, ఇంకా పైకి పోతే సీళ్ళు గట్టిపడతాయి, క్లచ్ ప్లేట్లు జారతాయి, జారితే ఇంకా వేడి. కొంతకాలం నడిపాక పాన్ దించి చూస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమ రంగుకి తిరిగింది, మాడిన వాసన సన్నగా తగిలింది. క్లచ్ పొడి మాత్రం పెద్దగా లేదు. కూలర్ లేకుండా అదే బండిని అదే రోడ్డు మీద నడిపి ఉంటే గేర్‌బాక్స్ నిలిచేది కాదని నా నమ్మకం.

ఇన్ని చెప్పాక, అది ఇచ్చిన ఆనందం చెప్పకపోతే అన్యాయం. 60 మీద పోతూ ఓవర్‌టేక్ కోసం ఫుల్‌గా తొక్కితే గేర్ దిగడం, ముల్లు 4,200కి ఎగరడం ఒకేసారి జరిగేవి. ఇంజిన్ తన బలమైన చోటికి ఒక్క అంగలో చేరుకునేది, నడుము సీట్లోకి కుక్కుకుపోయేది. ఐడ్లింగ్‌లో ఇంకా సుఖం. ఈ క్యామ్‌తో కంపెనీ 12 అంగుళాల కన్వర్టర్ ఉన్న రోజుల్లో పార్క్‌లో 900 దగ్గర తిరిగే ఇంజిన్, డ్రైవ్‌లో వెయ్యగానే 600కి పడిపోయి దగ్గి ఆగిపోయేది. రేసు కన్వర్టర్‌తో 900 నుంచి 850కి దిగి అలాగే నిలబడేది. అంటే నా ఇంజిన్‌కి వదులు కన్వర్టర్ కావాలి, అందులో సందేహం లేదు. ఎంత వదులన్నదే తేల్చుకోవాలి.

ఈ సమస్యకి కార్ల కంపెనీలు ఒకప్పుడు చక్కని జవాబు కనిపెట్టాయి. 1965 నుంచి 1967 దాకా బ్యూక్, ఓల్డ్స్‌మొబీల్, క్యాడిలాక్ బండ్లలో వచ్చిన టర్బో 400 గేర్‌బాక్సుల్లో స్టేటర్ రెక్కల కోణం నడుస్తుండగానే మారేది. ఒక కోణంలో కన్వర్టర్ వదులుగా, ఇంకో కోణంలో బిగువుగా ఉండేది. ఒకే డబ్బాలో రెండు కన్వర్టర్లు. ఆ ఏర్పాటు ఎక్కువకాలం సాగలేదు. నాకైతే అది పోవడం ఇప్పటికీ బాధే.

కొత్త కన్వర్టర్ కోసం దాన్ని చేతితో కట్టే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. "3,000 స్టాల్ కావాలన్నా" అన్నాను. ఆయన ఆ అంకెని పట్టించుకోనే లేదు.

"అంకె తర్వాత చెప్దువు గానీ, బండి బరువెంత? నువ్వు కూర్చున్నాక ఎంత?"

బరువు చెప్పాను. క్యామ్ కాగితం అడిగారు. కంప్రెషన్, యాక్సిల్ రేషియో, టైరు ఎత్తు, ఏ వేగం దగ్గర ఎక్కువసేపు నడుపుతాను, ఘాట్లు ఎక్కుతానా, వెనక ఏమైనా లాగుతానా, అన్నీ అడిగారు. నా జారుడు అంకెలూ, వేడి అంకెలూ రాసుకున్న పుస్తకం చూపిస్తే చాలాసేపు చదివారు. "ఇవి తెచ్చినవాడు లేడు. ఇవుంటే నా పని సగం అయిపోయినట్టే" అన్నారు. బరువు ఎక్కువైతే, యాక్సిల్ రేషియో అంకె తక్కువైతే అదే కన్వర్టర్ ఎక్కువ జారుతుందని, అందుకే అంకె ఒక్కటి చెప్పి కొనుక్కున్నవాళ్ళు తర్వాత తిట్టుకుంటారని ఆయన మాట.

ఆయన 10 అంగుళాలది కట్టారు. వ్యాసం తగ్గితే స్టాల్ పెరుగుతుంది, 8 అంగుళాలది అంత వదులుగా ఉండటానికి మొదటి కారణం అదే. కానీ వ్యాసం ఒక్కటే కాదు, ఇంపెల్లర్ రెక్కల వంపు, స్టేటర్ ఆకారం, రెండు చక్రాల మధ్య ఖాళీ కూడా లెక్కలోకి వస్తాయి. ఫుల్‌గా తొక్కినప్పుడు 3,100 దాకా ఎగరాలి, తేలికగా తొక్కినప్పుడు బిగువుగా ఉండాలి, అది స్టేటర్ ఎంపికలో ఉందని చెప్పారు. లోపలి రెక్కల్ని కొలిమిలో బ్రేజింగ్ చేసి అతికించారు, లేకపోతే మామూలుగా మడిచి బిగించిన రెక్కలు గట్టి లాగుడుకి వదులవుతాయి. థ్రస్ట్ వాషర్ల చోట నీడిల్ బేరింగులు వేశారు.

బిగించే పని ఇంటి దగ్గర నేనూ, నా స్నేహితుడూ చేశాం. టర్బో 350 ఆయిల్ లేకుండానే 50 కిలోలు దాటుతుంది, ట్రాన్స్‌మిషన్ జాక్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. ప్రొపెల్లర్ షాఫ్ట్, క్రాస్‌మెంబర్, కూలర్ లైన్లు, కిక్‌డౌన్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, వ్యాక్యూమ్ గొట్టం విప్పి గేర్‌బాక్స్ దించాం. కూలర్‌నీ లైన్లనీ కడిగాం. పాత ఆయిల్‌లోని చెత్త కొత్త కన్వర్టర్‌లోకి పోతే అంతా వృథా.

తొందరపడకూడని చోటు ఒకటుంది. కన్వర్టర్‌లో ఒక లీటరు దాకా ఆయిల్ పోసి, దాన్ని గేర్‌బాక్స్ ముందు భాగంలోకి తోస్తూ నెమ్మదిగా తిప్పాలి. లోపల మూడు చోట్ల అది కూర్చోవాలి: స్టేటర్ షాఫ్ట్ స్ప్లైన్లు (షాఫ్ట్ మీది పొడుగాటి పళ్ళు), ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్లు, చివరగా పంపు గేర్ గాళ్ళు. ఒక్కో చోట కూర్చున్నప్పుడు 'టక్' మని లోపలికి దిగుతుంది. రెండు సార్లు దిగింది, ఇక అయిపోయిందనిపిస్తుంది. కాలేదు. మూడో దిగుడు దొరకడానికి మాకు చాలాసేపు పట్టింది, చేతులు నొప్పెట్టేదాకా తిప్పుతూ, కొంచెం ఎత్తి పడుతూ ఉన్నాం. అది దిగినప్పుడు శబ్దం కంటే ముందు అరచేతులకే తెలిసింది. మూడోది కూర్చోకుండా బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందరి గంట ఆకారపు తొడుగు) బోల్టులతో ఇంజిన్‌కి లాగి బిగిస్తే స్టార్ట్ చెయ్యకముందే పంపు పగిలిపోతుంది. బెల్ హౌసింగ్ చేతి తోపుకే ఇంజిన్‌ని ఆనాలి, కన్వర్టర్ చేత్తో తిప్పితే ఇంకా తేలికగా తిరగాలి. అప్పుడు ఫ్లెక్స్‌ప్లేట్‌కీ (ఇంజిన్ వెనక ఉండి కన్వర్టర్‌ని తిప్పే పళ్ళెం) కన్వర్టర్‌కీ మధ్య ఖాళీ 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. మాకు 4 వచ్చింది. ఫ్లెక్స్‌ప్లేట్ కూడా ఎస్‌ఎఫ్‌ఐ 29.1 అనే రేసు భద్రతా ప్రమాణం ముద్ర ఉన్నది వేశాను. అది కాళ్ళకి దగ్గరలో తిరిగే ఇనప పళ్ళెం, అక్కడ పొదుపు వద్దు.

ఇంకో చిన్న పని వ్యాక్యూమ్ మాడ్యులేటర్‌ది. టర్బో 350 గేర్‌బాక్స్, ఇంజిన్ మీద ఎంత బరువు పడుతోందో వ్యాక్యూమ్ బట్టి తెలుసుకుంటుంది. పెద్ద క్యామ్ ఉన్న ఇంజిన్‌లో వ్యాక్యూమ్ ఎప్పుడూ తక్కువే కాబట్టి, నిదానంగా పోతున్నా అది గట్టిగా తొక్కుతున్నామనుకుని గేర్లు ఆలస్యంగా, ఝాడించి వేస్తుంది. మధ్యలో స్క్రూ ఉన్న మాడ్యులేటర్ వేసి కొద్దికొద్దిగా తిప్పి సరిచేశాను. రేసు కన్వర్టర్ ఆ ఝాడింపుని మెత్తగా దాచేసేది, బిగువుదానితో అది బయటపడింది.

ఇప్పుడు అంకెలు. ఫ్లాష్ స్టాల్ 3,100కి ఒకటి రెండు వందలు అటూ ఇటూ. గంటకి 100 కిలోమీటర్ల దగ్గర ముల్లు 3,080, అంటే జారుడు 6 శాతానికి కాస్త ఎక్కువ. డ్రైవ్‌లో ఐడ్లింగ్ 780, ఇంజిన్ ఆగదు, బ్రేక్ వదిలితే చదును మీద బండి మెల్లగా పాకుతుంది. అదే ఎత్తు రోడ్డు, అదే పాకుడు ట్రాఫిక్, అదే కూలర్: లైన్ 115 దాటడం అరుదు. దిగుడులో రెండో గేర్ బండిని పట్టుకుంటుంది. రివర్స్‌లో వాలు ఎక్కించడానికి ఎడమ కాలు అక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఫుల్‌గా తొక్కితే మాత్రం పాత ఎగురుడు లేదు. ఇంజిన్ 3,100 నుంచి తన బలమైన చోటికి ఎక్కడానికి ఒక క్షణం తీసుకుంటుంది. ఆ క్షణాన్ని నేను ప్రతిసారీ గమనిస్తాను. రోడ్డు బండికి అది సరైన బేరమే అని నా అభిప్రాయం. ఎక్కువగా ట్రాక్ మీదే నడిపి, అప్పుడప్పుడు మాత్రం రోడ్డెక్కే బండైతే 8 అంగుళాలదాన్నే ఉంచేవాణ్ణి, పెద్ద కూలర్‌తో, లైన్‌లో సెన్సర్‌తో.

కంపెనీ కన్వర్టర్‌తో హాయిగా నడుస్తున్న మామూలు ఇంజిన్ ఉన్నవాళ్ళకి ఇదేదీ అవసరం లేదు. క్యామ్ చిన్నదైతే, యాక్సిల్ రేషియో 3.08 లాంటిదైతే, హై స్టాల్ వల్ల వచ్చేది వేడి, శబ్దం, ఖర్చయ్యే పెట్రోలు మాత్రమే. ముందు ఇంజిన్‌కి ఏ ఆర్పీఎం దగ్గర బలం మొదలవుతుందో చూసుకుని, హైవే మీద ఎంత దగ్గర తిరుగుతుందో లెక్క కట్టుకుని, ఆ తర్వాతే కట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

ఇక మిగిలింది ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజిన్ కంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ వేగంగా తిరిగే గేర్. 0.70 నాలుగో గేర్ ఉన్న 700ఆర్4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేస్తే 100 దగ్గర ఇంజిన్ 2,020కి దిగుతుంది. కానీ అంత కింద నా 3,100 కన్వర్టర్ మళ్ళీ జారుతుంది, ఆదా అనుకున్నది వేడైపోతుంది. కాబట్టి లాకప్ క్లచ్ ఉన్న కన్వర్టరే కావాలి, ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా బిగించేసేది. 1949లోనే ప్యాకార్డ్ కార్ల కంపెనీ తన అల్ట్రామాటిక్ గేర్‌బాక్స్‌లో అలాంటిది పెట్టింది, కొత్త సంగతేమీ కాదు. అప్పుడు హైవే మీద జారుడు సున్నా అవుతుంది కాబట్టి స్టాల్‌ని ఇంకొంచెం పెంచుకోవచ్చు, 3,400 దాకా పోవచ్చంటున్నారు కట్టే ఆయన. కానీ 2,020 దగ్గర లాక్ చేస్తే నా క్యామ్ ఊరుకుంటుందా, కుదుపుతుందా అన్నది చూడాలి. ఇంజిన్ ఆ ఆర్పీఎంలో ఎలా లాగుతుందో ఇప్పుడు మూడో గేర్‌లోనే 70 వేగం దగ్గర పరీక్షిస్తున్నాను. లాకప్‌ని స్విచ్ మీద పెట్టాలా, వేగం బట్టి దానంతటదే పడేలా చెయ్యాలా అన్నది ఆ పరీక్ష తేలాక చూస్తాను.